పొట్టితీగ

“బాంజో నేర్చుకుంటున్నాను” అని ఫోనులో చెప్తే మా వారు ఓ నిమిషం ఏవీ మాట్లాడలేదు. తరవాత, “వినాయకచవితి పందిట్లో పాటకచేరీవాళ్ళు వాయిస్తారు, అదేనా?” అన్నారు.

అది కాదు లెండి. మనవైపు బాంజో అని పిలుచుకునే ఆ మీటల పెట్టె అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులో పుట్టిన తైషోగోతో అనే వాయిద్యం దానికి మూలం. నేను చెప్పేది అమెరికా బాంజో. గుండ్రటి చట్రానికి మన కంజిరకి బిగించినట్టు తోలు బిగించి, పొడుగాటి దండి తగిలించి, అయిదు తీగలు కడతారు. నలభై ఏడేళ్ళొచ్చి, చేతిలో గరిటె తప్ప ఇంకో వాయిద్యం మిగలనిదాన్ని, నాకు దాంతో ఏం పనొచ్చిందంటారా? చెప్తాను.

మా చెల్లెలికి మోకాలి ఆపరేషనయితే సాయానికని పోయినేడు అమెరికా వెళ్ళాను. నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ నగరం పక్కనే కేరీ అనే ఊళ్ళో వాళ్ళ ఇల్లు. తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్న ఊరు. కరివేపాకు దగ్గర్నించి కలంకారీ చీర దాకా అన్నీ దొరుకుతాయి. దొరకనిదల్లా మధ్యాన్నం పూట మాట్లాడే మనిషి. చెల్లెలు మాత్ర వేసుకుని పడుకుంటే, పిల్లలు బడికి పోతే, గోడ గడియారం చప్పుడు నాకు వీధి చప్పుడంత వినిపించేది.

అలాంటి ఓ మధ్యాన్నం పక్కింటి వసారాలోంచి ఓ మోత వినపడింది. తాం – తక, తాం – తక. గుర్రం నింపాదిగా నడుస్తున్నట్టుంది. పైన ఓ సన్నటి తీగ మాత్రం మాటిమాటికీ ఒకే స్వరం పలుకుతోంది. పాట ఎటు పోయినా అది మాత్రం కదలదు. నేను కంచెదాకా వెళ్ళి నిలబడిపోయాను.

వాయిస్తున్నావిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ రాష్ట్రం పడమటి కొండల్లో పుట్టి పెరిగిందట. మా చెల్లెలి పిల్లలు మామ్మ అంటారు, నేనూ మామ్మగారనే అన్నాను. ఆవిడ నన్ను “హనీ” అని పిలిచింది. అక్కడ కూరలమ్మే మనిషి కూడా హనీ అనే పిలుస్తాడని తరవాత తెలిసింది గాని, ఆ క్షణాన మురిసిపోయాను, చెప్పొద్దూ!

“నేర్చుకుంటావా?” అంది. తలూపేశాను.

ఆవిడ వాయించే పద్ధతిని క్లాహామర్ అంటారు. వడ్రంగి దగ్గర ఓ వైపు మేకు కొట్టి, రెండోవైపు మేకు పీకే సుత్తి ఉంటుంది చూడండి, దాని పేరది. కుడిచెయ్యి ఆ సుత్తి కొంకిలా ముడుచుకుని ఉంటుంది. చూపుడువేలి గోటితో ఒక తీగని కిందికి కొట్టాలి. రెండోసారి నాలుగు తీగల్నీ కలిపి కిందికే రాయాలి. ఆ వెంటనే బొటనవేలు అయిదో తీగని పలికించాలి. తాం – తక. అంతే. ఇంత తేలికైనది నాకు వారం రోజులు పట్టింది.

“వేళ్ళు కదపకు. తలుపు తడతావే, అలా మణికట్టు ఆడించు” అనేది మామ్మగారు. నా వేళ్ళేమో తీగని చూడగానే వాటంతటవే కదిలిపోతున్నాయి. పైగా గోరు లేదు. మన చేతులకి గోళ్ళెక్కడ నిలుస్తాయి! పెరగడం, అంట్ల దగ్గర విరగడం.

“ఇదివరకు ఏదో వాయించిన చెయ్యి ఇది” అంది ఆవిడ నాలుగోనాడు, నా వేళ్ళకేసి చూస్తూ.

వాయించాను. ఇరవై అయిదేళ్ళ కిందటి మాట. మాది విజయనగరం. మా నాన్నగారు నా పన్నెండో ఏట బొబ్బిలి వీణ కొన్నారు. పదేళ్ళు నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో “అమ్మాయికి వీణ వచ్చండీ” అని అమ్మ చెప్పడం, నేనో కీర్తన వాయించడం, వాళ్ళు ఫలహారం ప్లేటు కింద పెట్టి “బాగుందమ్మా” అనడం. మూడో సంబంధం కుదిరింది. దాంతో వీణ పనయిపోయింది. నన్నెవరూ వాయించొద్దనలేదు, అబద్ధమెందుకు? వాయించమనీ అనలేదు. ఇప్పుడది మా హాల్లో టీవీ పక్కన ముసుగేసుకుని కూర్చుంది.

ఆ మాట చెప్పకుండా, “అయిదు తీగలూ విడివిడిగా ఓసారి వాయించండి” అన్నాను. వాయించింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆవిడ లెక్కలో అవి డి, జి, బి, డి, చివర పొట్టితీగ పై జి. నా చెవికేమో జి షడ్జమమైతే మిగిలినవి దానంతటవే కుదిరాయి. కింది పంచమం, షడ్జమం, గాంధారం, పంచమం. పొట్టితీగ పై షడ్జమం! వీణకి పక్కన మూడు తాళం తీగలుంటాయి, చిటికెనవేలితో మీటుతాం. వాటి పని కూడా శ్రుతి పట్టుకుని కూర్చోవడమే. ఇక్కడ ఆ పని బొటనవేలిది.

ఈ పొట్టితీగ మిగతావాటిలా దండి చివరిదాకా పోదు. అయిదో మెట్టు దగ్గర పక్కనుంచి మొదలవుతుంది. దాని బిరడా కూడా అక్కడే, దండికి మొలిచిన ఆరోవేలులా ఉంటుంది. “ఇదెందుకిలా ఉంది?” అని అడిగాను.

“స్వీనీ అని వర్జీనియావాడు కనిపెట్టాడని మా నాన్న చెప్పేవాడు. ఇది మా కొండల వాయిద్యం” అంది మామ్మగారు గర్వంగా.

బి.ఏ.లో హిస్టరీ చదివిన పాపానికి నాకో జబ్బుంది. ఎవరైనా “ఫలానావాడు కనిపెట్టాడు” అనగానే ఎప్పుడు, ఎక్కడ, అంతకుముందేం ఉండేది అని దురద పుడుతుంది. మర్నాడు చెల్లెలి కూతుర్ని తోడు తీసుకుని ఊళ్ళో లైబ్రరీకి పోయాను. ఆ తరవాత చాలా మధ్యాన్నాలు అక్కడే గడిచాయి.

జోయెల్ వాకర్ స్వీనీ పుట్టింది 1810లో. వర్జీనియాలో అపొమాటక్స్ దగ్గర వాళ్ళ ఊరు. ఆ చుట్టుపక్కల నీగ్రో బానిసల దగ్గర బాంజో నేర్చుకున్నాడు. స్టేజి మీద బాంజో వాయించిన తెల్లవాళ్ళలో మనకి తెలిసిన మొట్టమొదటివాడు అతనే. అంతవరకూ నిజమే.

అయితే సౌత్ కరోలినాలో జాన్ రోజ్ అనే బానిసల యజమాని గీసినదిగా చెప్పే నీటిరంగుల బొమ్మ ఒకటుంది. ‘ఓల్డ్ ప్లాంటేషన్’ అంటారు. 1785కీ 1790కీ మధ్య గీసినది. ఇప్పుడు వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. అందులో బానిసల గుడిసెల ముందు పన్నెండుమంది నల్లవాళ్ళు చేరారు. కొందరు ఆడుతున్నారు. ఒకతను బాంజో వాయిస్తున్నాడు. ఎండిన ఆనపకాయ బుర్రకి తోలు కట్టిన బాంజో. నాలుగు తీగలు. అందులో ఒకటి పొట్టిది, దాని బిరడా దండికి పక్కన! స్వీనీ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది. బొమ్మ గీసినాయన పేరు వెతికి పట్టుకున్నారు. బాంజో వాయిస్తున్నతని పేరు బొమ్మ మీద లేదు.

ఇంకా వెనక్కి పోతే, 1687లో హాన్స్ స్లోన్ అనే డాక్టరు జమైకా వెళ్ళాడు. బ్రిటిష్ మ్యూజియం ఈయన సేకరణతోనే మొదలయింది. అక్కడి చెరుకుతోటల బానిసల దగ్గర బుర్రకి తోలు కట్టిన తీగల వాయిద్యాలు చూసి, 1707లో అచ్చువేసిన పుస్తకంలో బొమ్మతో సహా వేయించాడు. 1785లో థామస్ జెఫర్సన్ తన పుస్తకంలో బానిసల వాయిద్యం బాంజర్ అనీ, దాన్ని వాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నారనీ స్పష్టంగా రాశాడు. ఆయనకీ వందలకొద్దీ బానిసలుండేవాళ్ళు. అంటే ఆనాడు ఈ సంగతి అందరికీ తెలిసిందే. మర్చిపోవడం తరవాత జరిగింది.

ఎలా మర్చిపోయారో చూడండి. స్వీనీ, అతని తరవాతివాళ్ళు మొహానికి కాల్చిన బెండు మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఆడారు. 1843లో న్యూయార్కులో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే బృందం బయల్దేరాక ఆ వెక్కిరింపు దేశమంతటికీ వినోదమయింది. ఏ చేతుల దగ్గర విద్య తీసుకున్నారో ఆ చేతుల్నే నవ్వులపాలు చేశారు. 1855లో బోస్టన్‌లో బ్రిగ్స్ అనే ఆయన పేర అచ్చయిన బాంజో వాచకంలో, గోటితో కిందికి కొట్టే ఈ పద్ధతే ఉంది. విద్య పుస్తకాల్లోకెక్కింది. నేర్పినవాళ్ళు మాత్రం ఎక్కలేదు.

ఆ తరవాతి మలుపు చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, మనసులో ఎక్కడో కలుక్కుమనీ అనిపించింది. 1880ల్లో, 1890ల్లో బాంజో ఉన్నట్టుండి పెద్దింటి ఆడపిల్లల విద్య అయింది. ఫిలడెల్ఫియాలో ఎస్.ఎస్. స్టువార్ట్ అనే వ్యాపారి వెండిపూతలు, ముత్యపుచిప్ప నగిషీలు పెట్టి బాంజోలు చేయించి, ఇది మర్యాదస్తుల వాయిద్యమని ఊరూవాడా ప్రచారం చేశాడు. మేరీ కసాట్ అనే చిత్రకారిణి ఓ యువతి చిన్నపిల్లకి బాంజో నేర్పుతున్నట్టు బొమ్మలు కూడా వేసింది. అయితే మర్యాదస్తులకి గోటితో కొట్టడం మోటుగా కనిపించింది. గిటారులా సుతారంగా వేళ్ళతో మీటడమే అందమన్నారు. దాంతో పాత వాటు పట్నాల్లోంచి పోయి, కొండపల్లెల్లో నల్లవాళ్ళ దగ్గరా, వాళ్ళతో కలిసి పనిచేసిన బీద తెల్లవాళ్ళ దగ్గరా మాత్రమే మిగిలింది.

హాలులో సోఫా, పక్కన బాంజో, అమ్మాయికి సంగీతం వచ్చు! న్యూయార్కయితేనేం, విజయనగరమయితేనేం? చదువుతూ ఆ పుస్తకం మూసేసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

అలా అని ఆడవాళ్ళందరూ అలంకారానికే వాయించారనుకోకండి. మామ్మగారి కొండల్లోనే సిల్వా అనే చోట సమంతా బంగార్నర్ అనే ఆవిడ ఉండేది. 1878లో పుట్టింది. తండ్రి ఫిడేలు విద్వాంసుడు గాని కూతుర్ని ఫిడేలు ముట్టుకోనిచ్చేవాడు కాదట. ఆవిడ మొదటి బాంజో ఓ బుర్రకి పిల్లితోలు బిగించి, నూలుదారానికి తేనెమైనం రాసి తీగలు కట్టినదట. 1924లో ఇవా డేవిస్ అనే స్నేహితురాలితో కలిసి న్యూయార్కు వెళ్ళి కొలంబియా కంపెనీకి రికార్డులిచ్చింది. పల్లె సంగీతం రికార్డు చేసిన తొలి ఆడవాళ్ళలో వాళ్ళిద్దరూ ఉన్నారు.

కేరీకి అరగంట దూరంలో కార్‌బరో అనే ఊరుంది. ఎలిజబెత్ కాటెన్ అనే నల్లజాతి స్త్రీ 1893లో ఆ ఊళ్ళో పుట్టింది. అన్న పనికి పోగానే అతని బాంజో తీసి దొంగతనంగా వాయించేది. ఎడమచేతివాటం మనిషి కావడంతో దాన్ని తలకిందులుగా పట్టుకుని తనంత తానే నేర్చుకుంది. ఇళ్ళల్లో పాచిపని చేసిన డబ్బుతో గిటారు కొనుక్కుంది. చిన్నవయసులోనే పెళ్ళి. చర్చివాళ్ళు ఈ లౌకికం పాటలు మానమన్నారు. మానేసింది. తీరా అరవయ్యోపడి దగ్గరపడుతుండగా, వాషింగ్టన్‌లో సీగర్ అనే సంగీతజ్ఞుల ఇంట్లో వంటమనిషిగా ఉంటూ, గోడకి వేలాడుతున్న గిటారు ఓనాడు తీసి వాయించిందట. వేళ్ళకి అన్నీ జ్ఞాపకమే! 1958లో తొలి రికార్డు వచ్చింది. తొంభై దాటాక, 1985లో గ్రామీ బహుమానం అందుకుంది.

“వేళ్ళకి జ్ఞాపకం” అన్నానే, అదే అసలు కథకి తాళంచెవి అయింది. డేనియల్ జట్టా అని గాంబియా దేశస్థుడు అమెరికాలో చదువుకుంటూ బాంజో విన్నాడు. ఇది మా నాన్న వాయించే అకోంటింగులా ఉందే అనుకున్నాడు. గాంబియా, సెనెగల్ ప్రాంతాల్లో వరి పండించే జోలా అనే జాతివాళ్ళ వాయిద్యం అది. బుర్ర, దానికి మేకతోలు, వెదురు దండి, మూడు తీగలు. ఒకటి పొట్టిది! చూపుడువేలి గోటితో కిందికి కొట్టి, బొటనవేలితో పొట్టితీగ పలికిస్తారు. 2000 సంవత్సరంలో జట్టా అమెరికాలో బాంజో పండితుల ముందు దాన్ని వాయించి చూపించాడు. బాంజోకి ఆఫ్రికాలో చుట్టాలు చాలామందే ఉన్నారు, అకోంటింగు ఒక్కటే తాత అనలేం. కాని ఆ చేతివాటు చూసినవాళ్ళకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఓడలో సంకెళ్ళతో వచ్చినవాళ్ళు వాయిద్యం వెంట తెచ్చుకోలేరు. చెయ్యి తెచ్చుకున్నారు. కొత్త నేల మీద కాయించిన బుర్రతో వాయిద్యం మళ్ళీ కట్టుకున్నారు. కాగితాలన్నీ మరిచిపోయినదాన్ని ఓ గోరూ, ఓ బొటనవేలూ మూడొందల ఏళ్ళు భద్రంగా దాచాయి.

ఇదంతా చదివాను సరే, మామ్మగారికి చెప్పడమెలా? ఆవిడ నాన్న మాట అబద్ధమని నేనెవర్ని చెప్పడానికి? రెండురోజులు నోరు మెదపలేదు. మూడోనాడు ఆ ‘ఓల్డ్ ప్లాంటేషన్’ బొమ్మ ఉన్న పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. పొట్టితీగ బిరడా మీద వేలు పెట్టింది.

“మా నాన్న అబద్ధాలాడే మనిషి కాదు” అంది.

“కాదండీ. ఆయనకి చెప్పినవాళ్ళు అలా చెప్పి ఉంటారు.”

ఆవిడ బాంజో తీసి పక్కన పెట్టింది. కోపమొచ్చిందేమో, ఇవాళ్టితో నా చదువు సమాప్తమేమో అనుకున్నాను. కాసేపటికి తనే అంది. “మా తాత రైలుపట్టాల పనికి పోయేవాడు. అక్కడ ఓ నల్లాయన దగ్గర రెండు మూడు పాటలు నేర్చుకున్నానని ఓసారి అన్నాడు. నీకు మొదట నేర్పాను చూడు, అది ఆయన పాటే. ఆయన పేరేవిటని నేనడగలేదు. మా నాన్నా అడగలేదు. అడగాలని కూడా మాకెవరికీ తట్టలేదు, హనీ.”

నాకు మాట రాలేదు. ఎందుకంటే ఆ క్షణంలో మా హాల్లో ముసుగేసుకున్న వీణ గుర్తొచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చెక్కే సర్వసిద్ధివారి పేరు అందరికీ తెలుసు. ఒకే పనస దుంగలోంచి కుండా దండీ కలిపి తొలిచే ఏకాండి వీణ వాళ్ళది. అలాంటి వీణే నాది. పదేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాయించాను, పెళ్ళిచూపుల్లో దాని పుణ్యాన మెప్పు పొందాను. దాన్ని తొలిచిన చెయ్యి ఎవరిదో నేను ఒక్కనాడూ అడగలేదు.

ఆ రాత్రి నాన్నగారికి ఫోను చేశాను. ఆయనకి ఎనభై దాటాయి. “గొల్లపల్లిలోనే కొన్నానమ్మా. ధర గుర్తుంది, ఆటోవాడికి ఎంతిచ్చానో కూడా గుర్తుంది. చేసినాయన పేరంటావా...” అని ఆగిపోయారు. “పెద్దాయన. నీ చెయ్యి చిన్నదని అడిగి మరీ దండి కొంచెం సన్నంగా చెక్కాడు” అన్నారు.

నా చెయ్యి కొలత తెలిసిన మనిషి పేరు నాకు తెలియదు!

నిరుడుదాకా నాకు తెలియని ఇంకో పేరు చెప్పి ముగిస్తాను. రియానన్ గిడెన్స్. 1977లో నార్త్ కరోలినాలోనే గ్రీన్స్‌బరోలో పుట్టింది. దాదాపు నా ఈడుదే. 2005లో బూన్ అనే ఊళ్ళో నల్లజాతి బాంజో కళాకారుల సమ్మేళనం జరిగింది. ఆ ఏడే ఆవిడ, మరో ఇద్దరు యువకులు కలిసి మెబేన్ అనే ఊళ్ళో జో థాంప్సన్ అనే ఎనభై ఆరేళ్ళ నల్లజాతి ఫిడేలు విద్వాంసుడి ఇంటికి వారం వారం వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2012లో ఆయన పోయేనాటికి ఆ పాటలు వీళ్ళ చేతుల్లోకి వచ్చేశాయి. ఒమర్ అనే బానిస కథతో ఆవిడ మైకేల్ ఏబెల్స్‌తో కలిసి కట్టిన సంగీతనాటకానికి 2023లో పులిట్జర్ బహుమానం వచ్చింది. ఎక్కడ కూర్చున్నా ఆవిడ తన గురువు పేరు చెప్పకుండా పాట ఎత్తుకోదని మామ్మగారు చెప్పింది. పొట్టితీగ తెలుసుకున్నాక ఆవిడా పుస్తకాలు చదవడం మొదలెట్టింది మరి!

నేను బయల్దేరే ముందురోజు సాయంత్రం వసారాలో ఆ మొదటి పాటే వాయించాను. తాళం రెండుచోట్ల తప్పింది. మామ్మగారు తప్పు పట్టలేదు. “మీ ఊళ్ళో ఎవరైనా ఈ పాట ఎవరిదని అడిగితే ఏం చెప్తావు?” అంది.

“పేరు తెలియని రైలుపట్టాల కూలీదని చెప్తాను. తరవాత మీ పేరు చెప్తాను” అన్నాను.

“అదీ” అంది.

ఇంటికొచ్చి మూడు నెలలయింది. వీణ ముసుగు తీశాను. తీగలు తుప్పు పట్టాయి, మెట్ల కింద మైనం అక్కడక్కడా పెళుసెక్కి ఊడింది. సంక్రాంతి వెళ్ళాక గొల్లపల్లి తీసుకెళ్ళి బాగు చేయించుకుంటాను. మా వారు కారు నడుపుతానన్నారు. వీణని అక్కడివాళ్ళ ముందు పెట్టి, సన్నటి దండి చూపించి, ఇది ఎవరి చెయ్యండీ అని అడగాలి. పనివాణ్ణి బట్టి పని గుర్తుపడతారంటారు, చూద్దాం.

ఈలోగా అంట్లు మా వారే తోముతున్నారు. నా చూపుడువేలి గోరు పెరుగుతోంది.